ఊకొట్టని చోటు

ఇవాళ సాయంత్రం నాలుగుంపావుకి పాప మళ్ళీ ఊకొట్టింది. పైన ఎవరూ లేరు.

పైవాటాలో ఉండే తాతగారు పోయి నెల కావస్తోంది. ఆయన కూతురు, మా ఇంటి ఓనరు ఆంటీ, పెద్దకర్మ అయ్యాక బ్రాంప్టన్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. మొక్కలకి నీళ్ళు పొయ్యమని లోపలి మెట్ల తలుపు తాళంచెవి నాకిచ్చింది. అది మా ఫ్రిజ్ మీద వేలాడుతోంది. కెనడాలో మేముండే ఈ సర్రీలో జనవరి అంతా వానే. మా బేస్‌మెంట్‌లో మూడున్నరకే లైట్లు వేసుకోవాలి.

పాప తన గదిలో కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని సీలింగ్‌లో ఉన్న హీటర్ జాలీ వైపు చూస్తోంది. "ఊఁ" అంది. కాసేపు ఆగింది. మళ్ళీ "ఊఁ". ఈసారి ఎక్కువసేపు ఆగింది. చిన్న వాక్యానికి చిన్న ఎడం, పెద్ద వాక్యానికి పెద్ద ఎడం. ఆ ఎడాలు నాకు బాగా తెలుసు. వాటి నిండా మాటలు ఉన్నప్పుడు రోజూ విన్నాను.

ఇప్పుడు పాప పడుకుంది. మా ఆయన సెకండ్ షిఫ్ట్‌కి వేర్‌హౌస్‌కి వెళ్ళాడు, పన్నెండున్నరకి వస్తాడు. ఆలోపు తాతగారి గురించి రాద్దామని కూర్చున్నాను. పేరు రాయను. "నా పేరు ఒక బడి గోడ మీద ఉన్నాది. అక్కడున్నదే ఎక్కువ" అనేవారు ఆయన.

ఆగస్టులో ఈ ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు మొదటిసారి చూశాను. ఆంటీ ఫిజీ మనిషి. తెలుగు రాదు. హిందీ, ఇంగ్లీషు కలిపి మాతో మాట్లాడుతూ స్టవ్ ఇదీ, వాషర్ అదీ అని చూపిస్తోంది. లోపలి మెట్ల మీంచి ఒక పెద్దాయన దిగారు. తొంభైకి దగ్గర్లో ఉంటారు. పువ్వుల చొక్కా, దానిమీద నల్లకోటు, కింద లుంగీలాంటి గుడ్డ, మేజోళ్ళతో రబ్బరు చెప్పులు. కోటులోంచి కలరా ఉండల వాసన. నా చెయ్యి తన రెండు చేతుల మధ్య పట్టుకున్నారు. వదల్లేదు.

"ఈ ఇంట్లో ఎన్ని ఓట్లు?" అన్నారు, తెలుగులో.

"రెండండీ. పాపకింకా మూడేళ్ళు" అన్నాను తడబడి.

పాప నా కాళ్ళ వెనక నుంచి ఆయన్ని చూసింది. ఆయన కూడా దాన్ని అలాగే తొంగి చూశారు. కూతురి వైపు తిరిగి మూడు వేళ్ళు చూపించారు. "మూడు రాసుకో. దీనిది కొంచెం ఆలీసంగా వస్తాది."

ఆంటీ నవ్వింది. "డాడీ అక్కడ కౌన్సిల్ మెంబరు. ఫిజీ ఇంకా బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు. ఆయన ఎలక్షన్ ఇంకా అయిపోలేదు. నువ్వేం పట్టించుకోకు."

నేను ఉలిక్కిపడ్డది ఓట్ల గురించి అడిగినందుకు కాదు, ఆ మాట తీరుకి. ఉన్నాది, వస్తాది, లేదుకి బదులు నేదు, ఎల్లినాను. మాది విజయనగరం దగ్గర పల్లె. వైజాగ్‌లో ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్ళిన మొదటి నెలలోనే రూమ్మేట్లు నవ్వుతుంటే ఆ మాటలన్నీ వదిలేశాను. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నా నోట్లోంచి రాలేదు. తాతగారి నాయినమ్మ చిన్నతనంలో చెరుకుతోటల కూలికి ఓడెక్కి ఫిజీ వెళ్ళిపోయిందట. ఆవిడతో పాటు వెళ్ళిన మాటలు ఆవిడ మనవడి నోట్లో చెక్కుచెదరకుండా కూర్చుని, ఇక్కడ నా కోసం కాచుకుని ఉన్నట్టనిపించింది.

ఆయనకి కొన్ని పట్టింపులుండేవి. ఔనని ఊరికే అనేవారు కాదు. ఆంటీ "టీ కావాలా డాడీ?" అంటే కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్ళు పటపటలాడుతుండగా లేచి, కోటు గుండీ పెట్టుకుని, "ఔను" అని, మళ్ళీ కూర్చునేవారు. ఈలోగా టీ చల్లారేది. "ఔననడం తేలిక గుంటా. అందుకే లేచి నిలబడి అనాల" అని నాకు చెప్పారొకసారి. ఆడపిల్లని గుంట అనడం మా వైపు మాట. వద్దనడానికి మాత్రం లేచేవారు కాదు.

కూతుర్ని గౌరవ సభ్యురాలు అనేవారు, ఇంగ్లీషులో, పూర్తి మర్యాదతో. ఒకరోజు వానలో రబ్బరు చెప్పులేసుకుని మెయిల్ బాక్స్ దాకా వెళ్ళొచ్చారు. ఆంటీ మెట్ల దగ్గరే పట్టుకుంది.

"జారి పడితే ఎవరు ఎత్తాలి? నాకూ అరవై రెండు వచ్చాయి డాడీ!"

"గౌరవ సభ్యురాలు కూర్చోవాలి. ఇంకా నా వంతు అవలేదు."

"మీ వంతు ఎప్పుడైంది గనక! నేను పుట్టినప్పట్నుంచీ మీ వంతే!"

ఆయన నా వైపు చూసి కన్ను గీటారు. "ప్రతిపక్షం" అన్నారు తెలుగులో.

పైన హాల్లో ఒక ఫోటో ఉంది. మూడు వరసల్లో కోట్లేసుకున్న మగవాళ్ళు, మధ్యలో ఈకల టోపీ పెట్టుకున్న తెల్లదొర, అప్పటి గవర్నరు. ఆయన్నే తాతగారు పెద్దదొర అనేవారు. తాతగారు వెనక వరసలో చివరన ఉన్నారు. అందరి మొహాలూ గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. ఆయన ఒంటి మీద కోటు గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. మొహం ఒక్కటే చెదిరిపోయి తెల్లటి మరకలా ఉంది.

"కదిలారా?" అని అడిగాను.

"ఎనక నుంచి ఎవులో పిలిచినట్టయినాది. తిరిగినాను."

"ఎవరు?"

"ఎనక గోడే గుంటా. ఇంకెవులుంటారు?"

ఇక ప్రసంగం. రోజూ నాలుగుంపావుకి పైన ఏడు అడుగులు వినిపించేవి. సరిగ్గా పాప గది పైన ఆగేవి. తర్వాత జాలీలోంచి గొంతు; వేడిగాలి గొట్టం రెండు వాటాలకీ ఒకటే. హీటర్ ఆగినప్పుడైతే పక్కన నిలబడి చెప్తున్నట్టే ఉండేది.

"పెద్దదొరగారూ, సభలో ఉన్న పెద్దలారా. వాగొడ్డు లైన్లలో ఉన్న మనుషుల తరఫున నాను మాటాడతన్నాను."

ఒక వాక్యం. కాసేపు నిశ్శబ్దం. ఇంకో వాక్యం. ఎవరో జవాబు ఇస్తుంటే వింటున్నట్టు ఆగేవారు. పది నిమిషాలయ్యాక ఒక వాక్యం దగ్గర పూర్తిగా ఆగిపోయేవారు. "ఇల్లిల్లూ తిరిగి అడిగినాను. అందరూ ఒప్పుకున్నారు." ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. అయిదు నిమిషాలో, ఎనిమిదో. చివరికి వెనక్కి ఏడు అడుగులు. రేపు మళ్ళీ మొదట్నుంచి.

పెద్దవయసు, మతిమరుపు అనుకున్నాను. నా బాధలు నాకున్నాయి.

పాపకి మూడేళ్ళు దాటినా మాట రాలేదు. అమ్మ అని కూడా అనదు. వినపడుతుంది, అర్థమవుతుంది, చెయ్యి పట్టుకుని లాగి చూపిస్తుంది. స్పీచ్ అసెస్‌మెంట్ కోసం వెయిటింగ్ లిస్ట్‌లో పెట్టారు. లైబ్రరీలో దాని వయసు పిల్లలు అమ్మలతో గొడవ పెట్టుకుంటుంటే నేను పుస్తకాల అరల వెనక్కి వెళ్ళి నిలబడేదాన్ని. అక్కడే ఒకావిడ అంది, ఇంట్లో రెండు భాషలుంటే పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒకటి దాచకుండా రాయాలి. ఆ తర్వాతి వారం ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి నేనొక్కదాన్నే పాపని తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చాలా స్పష్టంగా చెప్పింది. మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, కథలు చెప్పండి, ఆపొద్దు అంది. నేను నమ్మలేదు. భయం నన్ను నమ్మనివ్వలేదు. ఇంటికొచ్చి మా ఆయనతో, "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమంది డాక్టరు. తెలుగు పూర్తిగా ఆపెయ్యమంది" అని చెప్పాను. నేను అడిగితే ఒప్పుకోడని ఆ మాట డాక్టరు నోట్లో పెట్టాను.

మా ఆయనది నల్గొండ. షిఫ్ట్‌కి వెళ్ళేముందు పాపని భుజాల మీదెక్కించుకుని, "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా? అయ్యని సతాయిస్తవా? దా, నీ సంగతి చెప్త" అని ఇల్లంతా తిరిగేవాడు. డాక్టరు మాటని నెత్తిన పెట్టుకున్నాడు. "బేబీ. కమ్. ఈట్" అనడం మొదలుపెట్టాడు. ఆ మూడు మాటలయ్యాక ఇంకేమనాలో తెలిసేది కాదు. వారాలు గడిచేకొద్దీ ఆ మూడూ తగ్గాయి. మా అత్తమ్మ వీడియో కాల్‌లో "హాయ్" అని చెయ్యూపి, ఆ చెయ్యి అలాగే పెట్టుకుని చూస్తూ ఉండేది. పడుకునేముందు నేను చెప్పే కథలు ఆపేశాను. అంతకుముందు చీకట్లో ప్రతి వాక్యానికీ "ఊఁ" అనేది పాప. అది చెయ్యగలిగిన చప్పుడు అదొక్కటే. దాన్ని కూడా ఆపేశానని అప్పుడు నాకు తట్టలేదు.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతున్నాను. పైన ఏడు అడుగులు, ప్రసంగం. మొదటి వాక్యం అయ్యాక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పాప "ఊఁ" అంది.

పైన చప్పుడు లేదు. చాలాసేపు లేదు. తర్వాత రెండో వాక్యం వచ్చింది. పాప "ఊఁ" అంది. మూడోది. "ఊఁ". అది బొమ్మలు పక్కన పెట్టేసి వెల్లకిలా పడుకుంది. జాలీ నల్లటి గీతలు దాని కళ్ళలో కనిపిస్తున్నాయి. పది నిమిషాలు అలా నడిచింది. "ఇల్లిల్లూ తిరిగి అడిగినాను. అందరూ ఒప్పుకున్నారు" అన్నారాయన.

పాప ఊకొట్టలేదు. ఎదురుచూశాను. పైన ఆయనా ఎదురుచూస్తున్నారు. పాప పెదాలు బిగించుకుని జాలీని చూస్తూనే ఉంది.

కాసేపటికి లోపలి మెట్ల తలుపు మీద టకటకమని చప్పుడు. తీస్తే తాతగారు, కోటు గుండీలన్నీ పెట్టుకుని.

"మా నాయినమ్మ మీ ఇంటికొచ్చినాదేటి?" అన్నారు.

"లేదండీ. మా పాప అంది."

ఆయన నన్ను దాటి పాప గదిలోకి చూశారు. పాప లేచి కూర్చుని ఆయన్ని చూసింది. ఇద్దరూ చాలాకాలంగా తెలిసినవాళ్ళలా చూసుకున్నారు. ఆయనకి కుర్చీ వేశాను. నిమ్మగడ్డి వేసి టీ పెట్టాను. ఆ టీ చల్లారేలోగా చెప్పిందే ఆయన రాజకీయ జీవితం గురించి నాకు తెలిసింది.

"సభలో అంతా ఇంగ్లీషే. మా నాయినమ్మ, ఆ ముసిల్దానికి ఇంగ్లీషు రాదు. సభకి ముందురోజు అది తోటలోంచి వచ్చి, నీళ్ళోసుకుని కూకున్నాక, రేపు నానేటి మాటాడతానో అంతా తెలుగులో సెప్పీవోడ్ని. కథ సెప్పినట్టు. అది ఊకొట్టాల. ఎక్కడ ఊకొట్టదో అక్కడ గీత పెట్టి కొట్టీసీవోడ్ని. ఈ కుర్రోడి మాటలో తాలు ఉండదు అని మెచ్చుకునీవోడు పెద్దదొర. ఆడికేటి తెలుసు, ముసిల్ది ముందే సెరిగీసినాదని!" నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

వాగొడ్డు లైన్లంటే ఓడ దిగిన కూలీలు మొదట కాపురం పెట్టిన వరస ఇళ్ళట. నాయినమ్మ అక్కడే ఉండేది. చెరుకు రైళ్ళ యార్డు పెంచడానికి ఆ నేల కావాలన్నారు. అక్కడివాళ్ళు ఇష్టపడితేనే తీసుకుంటాం, ఆ సంగతి వాళ్ళ మెంబరే లేచి చెప్పాలన్నాడు పెద్దదొర. పక్కకి పిలిచి, నీ ప్రాంతానికి బడి మంజూరు చేస్తానన్నాడు.

"బడి నేదు గుంటా అక్కడ. పిల్లలు చెరుకులో పడి తిరిగీవోళ్ళు. అడిగితే ఒప్పుకోరని తెలుసు. అందుకే అడగకండా, అడిగినానని రాసుకున్నాను."

"మీ నాయినమ్మకి చెప్పారా?"

"సెప్పినాను. ఆ మాట కాడ ఊకొట్టనేదు. నిద్దరోయిందేమో అనుకున్నాను. దీపం ఎత్తి సూస్తే కళ్ళు తెరిసే ఉన్నాయి. ఎప్పుడూ గీత పెట్టీసీవోడ్ని కదా, ఆ ఒక్క మాటకి పెట్టనేదు. తెల్లారి సభలో లేచి నిలబడి అనీసినాను. బల్లలు సరిసినారు."

బడి కట్టారు. లైన్లలో వాళ్ళని నీళ్ళు లేని కొండవారకి తోలారు. నాయినమ్మ వాళ్ళతోపాటే వెళ్ళిపోయింది. ఈయన వెళ్ళి కూర్చుని ఏం చెప్పినా వినేది, చూసేది, ఊకొట్టేది కాదు. ఆ ఎండాకాలమే పోయింది.

"తర్వాత ఎలక్షన్‌లో ఓడిపోయారా?"

"పోటీ సెయ్యనేదు. ప్రసంగం రాసుకుంటే ఊకొట్టీవోళ్ళు నేరు."

వెళ్తూ పాప తల మీద చెయ్యి పెట్టి, "నువ్వయినా అంటావనుకున్నాను" అన్నారు. పాప ఆయన కోటు గుండీని పట్టుకుంది.

అప్పట్నుంచి రోజూ అదే. నాలుగుంపావు అయ్యేసరికి పాప తనంతట తనే వెళ్ళి జాలీ కింద పడుకునేది. దానికి గడియారం చూడ్డం రాదు. అన్ని వాక్యాలకీ ఊఁ, ఆ ఒక్క వాక్యానికి మౌనం. ఒకసారి వాక్యం ముందు ఆయన గొంతులో ఏమైనా తేడా ఉందేమో, పాప దాన్ని పసిగడుతోందేమో అని జాగ్రత్తగా విన్నాను. నాకేం తేడా తెలియలేదు. ఇంకోరోజు తలుపేసి పాపని హాల్లో కూర్చోబెట్టి టీవీ పెట్టాను. పైన మొదటి వాక్యం అయ్యాక ఆయన ఆగిపోయారు. అరగంట అలా నిలబడే ఉన్నారు. పాప టీవీకి వీపు పెట్టి, మూసిన తలుపు వైపు తిరిగి కూర్చుంది. నేనే వెళ్ళి తలుపు తీశాను.

మా ఆయనకి చెప్తే, "ముసలాయన మంచోడే గానీ, డాక్టరు తెలుగు వద్దన్నది కదా? ఇల్లు మారుదామా?" అన్నాడు. "చూద్దాంలే" అన్నాను.

డిసెంబర్‌లో, పండగ దీపాలు వీధంతా పెట్టేశాక, ఒకరోజు ప్రసంగం ఆ చోటికి వచ్చింది.

"ఇల్లిల్లూ తిరిగి అడిగినాను."

"నేదు" అంది పాప.

నీళ్ళంత తేటగా అంది. పైన ఏదో బరువుగా నేలకి ఆనిన చప్పుడు. మోకాళ్ళ మీద కూర్చున్నట్టున్నారు. జాలీకి చాలా దగ్గరగా ఆయన ఊపిరి వినపడింది.

"మళ్ళీ సెప్పు" అన్నారు, గుసగుసగా.

పాప చెప్పలేదు. లేచి వెళ్ళి తన బొమ్మల దగ్గర కూర్చుంది.

మూడేళ్ళు ఎదురుచూసిన మొదటి మాట. నేను హాస్టల్లో పారేసిన మాట, నేనెప్పుడూ దానికి నేర్పని మాట. ఆయన రోజుకి నలభైసార్లు నేదు అంటారు, అలా పట్టుబడిందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట అక్కడే ఎందుకు పడిందో మాత్రం చెప్పుకోలేకపోయాను. పొద్దున్న మా ఆయనతో, "పాప నో అంది" అన్నాను. మాటని కూడా మార్చి చెప్పాను. ఆయన లేచి పాపని ఎత్తుకుని గిర్రున తిప్పాడు. "నో అన్నదా! గుడ్ గర్ల్!" అని, ఇంకేదో అనబోయి, ఆపుకున్నాడు. ఆ ఆపుకోవడం నేను చూశాను.

మర్నాడు నాలుగుంపావుకి ఏడు అడుగులు నెమ్మదిగా పడ్డాయి. ప్రసంగం కొత్తగా ఉంది.

"పెద్దదొరగారూ. నాను అడగనేదు. ఒక్క గుమ్మం కూడా ఎక్కనేదు. అబద్ధం ఆడినాను."

"ఊఁ" అంది పాప.

ఆయన ఆగలేదు. ఆ లైన్లలో ఉన్నవాళ్ళ పేర్లు మొదలుపెట్టారు. ఒక్కో ఇంటికీ వెళ్ళినట్టు, గుమ్మం దగ్గర నిలబడి పిలిచినట్టు. ఫలానావాళ్ళ ఇంట్లో ఫలానా, వాళ్ళావిడ, వాళ్ళ పిల్లలు. ఒక్కో పేరుకీ ఒక ఊఁ. గంటపైనే పట్టింది. బయట పూర్తిగా చీకటిపడింది, నేను లైటు వెయ్యడం కూడా మర్చిపోయాను. చివరి గుమ్మం నాయినమ్మది. ఆ పేరు చాలా నెమ్మదిగా చెప్పారు.

"ఊఁ" అని వినపడింది.

పాప వైపు చూశాను. నోరు కొంచెం తెరిచి, చెయ్యి కార్పెట్ మీద జారవిడిచి, ఎప్పటినుంచో నిద్రపోతోంది. నేనే అన్నానేమో. అనలేదని ఒట్టు వెయ్యలేను.

తర్వాతి పొద్దున్న చెత్తబుట్ట బయటపెడుతుంటే కనపడ్డారు. కోటు లేదు. వట్టి పువ్వుల చొక్కా. కోటు లేకపోతే చాలా చిన్న మనిషి. "సభ అయిపోనాది" అన్నారు. అయిదో రోజు నిద్రలోనే పోయారు.

పాప ఇప్పుడు మూడు మాటలంటుంది. నేదు, తాత, రా. మూడూ ఆయనవే.

ఇక ఇవాళ్టి సంగతి. పాప ఖాళీ సీలింగ్‌కి ఊకొడుతుంటే నేను ఫ్రిజ్ మీంచి తాళంచెవి తీశాను. గది తలుపు తెరిచి ఉంచి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పైన చల్లగా ఉంది. ఎవరూ లేరు. కుర్చీ వీపుకి నల్లకోటు తగిలించి ఉంది. ఫోటోలో తెల్లటి మరక అలాగే ఉంది. కుర్చీ నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఏడో అడుగు దగ్గర నేలలో ఇనప జాలీ.

అందులోంచి "ఊఁ" అని వచ్చింది.

అది పాప గొంతు కాదు. రేకు గొట్టంలోంచి పైకి వచ్చేసరికి బరువెక్కి, బొంగురుపోయి, పళ్ళూడిన ముసలావిడ గొంతులా ఉంది. పని నుంచి వచ్చి, నీళ్ళోసుకుని, గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి గొంతు. మూడు నెలలు ఆయన విన్నది ఇదీ.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. కింద నా కూతురే ఉంది, నాకు తెలుసు. అయినా, ఎందుకు అన్నానో తెలీదు, జాలీలోకి తెలుగులో అన్నాను.

"డాక్టరు చెప్పింది. ఇంట్లో తెలుగు మాట్లాడొద్దని చెప్పింది."

ఏమీ లేదు. గొట్టంలో ఎక్కడో రేకు టిక్కుమంది. వేచి చూశాను. ఆయన ఎనిమిదేసి నిమిషాలు ఎలా నిలబడ్డారో అర్థమైంది. ఆ నిశ్శబ్దంలో ఎవరో నన్ను కళ్ళు తెరిచి చూస్తున్నట్టే ఉంది.

"నేదు" అన్నాను. పన్నెండేళ్ళ తర్వాత ఆ మాట నా నోట్లో దానంతటదే తిరిగింది. "డాక్టరు అననేదు. మాట్లాడమనే అంది. నాకే బయమేసినాది. నేనే అన్నాను."

"ఊఁ."

కిందికి పరిగెత్తాను. పాప గుమ్మంలో నిలబడి ఉంది. "రా" అని నా వేలు పట్టుకుని లాక్కెళ్ళి జాలీ కింద పడుకోబెట్టింది, తనూ పక్కన పడుకుంది. చీకటిపడేదాకా ఏవేవో చెప్పాను. మా పల్లె, మా అమ్మ, వాళ్ళ నాన్న భుజాల మీద అది ఇల్లంతా ఊరేగిన రోజులు. అన్నిటికీ ఊకొట్టింది.

ఇప్పుడే ఇంటి ముందు కారు ఆగింది. పక్క తలుపు దగ్గర మా ఆయన తడిసిన బూట్లు విప్పుతున్నాడు. చప్పుడవకుండా విప్పుతాడు, పాప లేస్తుందని. నాలుగు నెలలు నా మాట మీద తన కూతురితో మాట్లాడకుండా ఉన్న మనిషి. కోప్పడతాడు. మధ్యలో వినడం మానేస్తాడేమో కూడా. అయినా చివరిదాకా చెప్పాలి.

కుర్చీ వెనక్కి జరిపాను. లేచి నిలబడి చెప్పాలి.